స్కాన్ ఫొటో స్టేటస్ పెట్టా... బీపీ చూపించుకోవడం మర్చిపోయా!

మా పాప మొదటి ఫొటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. నలుపూ తెలుపూ మరకల మధ్య శనగ గింజంత చుక్క. దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన అయిదు నిమిషాలకే అమెరికాలో ఉన్న బాబాయి దగ్గర్నుంచి పక్కింటి ఆంటీ దాకా అందరూ హార్ట్ సింబల్స్ గుప్పించేశారు. 'ముక్కు అచ్చం వాళ్ల నాన్నదే' అని మా అత్తయ్య మెసేజ్. ఏడు వారాల పిండానికి ముక్కెక్కడిది? అయినా ఆ రోజు నాకూ కనిపించినట్టే అనిపించింది.

నేను డాక్టర్ని కాదు. హైదరాబాద్‌లో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని, వయసు 28. నెల తప్పిన రోజు నుంచి కాన్పు దాకా నా ఫైల్లో చేరిన కాగితాలన్నీ లెక్కపెడితే నలభై రెండు. వాటిలో ఒక కాగితం నన్ను మూడు రోజులు ఏడిపించింది, అది తప్పని తేలింది. ఇంకో కాగితాన్ని నేను అసలు పట్టించుకోలేదు, అదే నన్నూ నా బిడ్డనూ కాపాడింది. మొదటిది వేల రూపాయల పరీక్ష. రెండోది పైసా ఖర్చు లేనిది. ఈ రెండింటి కథా మీకు చెప్పాలనిపించింది. ఎందుకంటే ఇప్పుడు నా ఫ్రెండ్స్‌లో ముగ్గురు అదే ఫైలు పట్టుకుని తిరుగుతున్నారు.

వారం తేడా ఏం చేస్తుందిలే అనుకున్నా

కిట్‌లో రెండు గీతలు కనబడగానే యాప్ డౌన్‌లోడ్ చేశాను. చివరిసారి నెలసరి వచ్చిన తేదీ కొడితే 'మీకు ఆరో వారం' అంది. నిన్నటిదాకా తెలియని కడుపుకి అప్పుడే ఆరు వారాలేంటి అని ఆశ్చర్యపోయా. తర్వాత తెలిసింది, గర్భం లెక్క మొదలయ్యేది బిడ్డ పడిన రోజు నుంచి కాదట. చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కేస్తారు. నెలసరి సరిగ్గా 28 రోజులకోసారి వచ్చేవాళ్లకి ఈ లెక్క బాగానే కుదురుతుంది. నాకు 35 రోజులకోసారి వస్తుంది. అంటే యాప్ చెప్పిన వయసుకీ లోపల బిడ్డ అసలు వయసుకీ వారం తేడా.

తొలి స్కాన్ ముఖ్యమైన పనుల్లో ఇది ఒకటి. గర్భం గర్భసంచిలోనే ఉందా, గుండె కొట్టుకుంటోందా, ఒక్కరా ఇద్దరా అన్నవి చూస్తూనే పిండం పొడవు కొలిచి అసలు వయసు ఎంతో చెబుతారు. నాకు నెలసరి లెక్కన ఎనిమిది వారాలు, స్కాన్ లెక్కన ఏడే. డాక్టరమ్మ ఫైలు మీద పాత డెలివరీ డేటు కొట్టేసి, వారం వెనక్కి జరిపి కొత్తది రాశారు. 'ఇక నుంచి ఇదే లెక్క' అన్నారు. నేను తలూపి, ఆ మాట అక్కడే మర్చిపోయా.

ఓడల ఫ్యాక్టరీ నుంచి పొట్ట మీదికి

స్కాన్ చేస్తున్నప్పుడు బుర్రలో తిరిగేవి ఇంజినీరు ప్రశ్నలే. ఈ చల్లటి జెల్ ఎందుకు? ఈ యంత్రం ఎక్కడ పుట్టింది? వెయిటింగ్ హాల్లో టోకెన్ కోసం కూర్చున్నప్పుడల్లా చదివేదాన్ని.

మన చెవికి సెకనుకు 20 వేల కంపనాల దాకా వినబడుతుంది. గర్భిణుల స్కాన్లో వాడే ధ్వనికి సెకనుకు సుమారు 20 నుంచి 50 లక్షల కంపనాలు. అది లోపలికి వెళ్లి, ఎముకకో కండకో తగిలి వెనక్కొస్తుంది. తిరిగొచ్చిన సమయాన్ని బట్టి ఏది ఎంత లోతులో ఉందో యంత్రం లెక్కేసి బొమ్మ గీస్తుంది. మధ్యలో గాలి పొర ఉంటే ధ్వని చర్మం దగ్గరే వెనక్కి తిరిగిపోతుంది. ఆ గాలి లేకుండా చేయడానికే జెల్. ఇందులో ఎక్స్‌రే లాంటి రేడియేషన్ ఉండదు. 'ఎక్కువ స్కాన్లు తీస్తే బిడ్డకి కరెంటు తగులుతుంది' అనే మా పెద్దత్తకి ఈ సంగతి చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. అలాగని సరదాకి, వీడియోల కోసం మళ్లీమళ్లీ తీయించుకోమని ఏ డాక్టరూ చెప్పరు. అవసరం ఉంటేనే స్కాన్.

ఇక పుట్టిల్లు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో ఓడల తయారీకి పేరున్న ఊరు. లోహంలో కంటికి కనబడని పగుళ్లు పట్టుకోవడానికి పరిశ్రమల్లో అల్ట్రాసౌండ్ యంత్రాలు వాడేవాళ్లు. అక్కడి ప్రసూతి వైద్య ప్రొఫెసర్ ఇయాన్ డొనాల్డ్‌కి 'ఇనుములో పగులు కనబడితే కడుపులో గడ్డ కనబడదా?' అన్న ఆలోచన వచ్చింది. 1955లో ఆపరేషన్లలో తీసిన గడ్డల్ని కారులో వేసుకుని బాయిలర్లు చేసే ఫ్యాక్టరీకి వెళ్లి మరీ పరీక్షించాడు. ఆయన చేస్తున్న పని గురించి విని టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజినీరు వచ్చి కలిశాడు. అప్పటికి అతనికి నా కంటే తక్కువ వయసు. వాళ్లూ, జాన్ మెక్‌వికార్ అనే డాక్టరూ కలిసి 1958లో 'లాన్సెట్' పత్రికలో తమ ఫలితాలు అచ్చువేశారు. మన స్టేటస్ ఫొటోలకి మూలం అదన్నమాట.

శుక్రవారం సాయంత్రం ఎర్ర అక్షరాలు

మూడో నెలలో ఎన్‌టీ స్కాన్. బిడ్డ మెడ వెనక చర్మం కింద ఉండే పల్చటి నీటి పొర మందాన్ని కొలుస్తారు. 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల లోపే ఇది చేయాలి. దానికి జతగా తల్లి రక్తంతో డబుల్ మార్కర్ పరీక్ష. డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోమ్ తేడాలు ఉండే అవకాశం ఎంతో ఈ రెండూ కలిపి అంచనా వేస్తారు.

నాకు స్కాన్ ఒకచోట, రక్త పరీక్ష ఇంకోచోట. ల్యాబ్ వాళ్లే ఇంటికొచ్చి రక్తం తీసుకుంటామంటే, ట్రాఫిక్‌లో పడక్కర్లేదని అలా బుక్ చేశా. స్కాన్‌లో అంతా బాగుంది. మూడు రోజులకి, శుక్రవారం సాయంత్రం మీటింగ్‌లో ఉండగా ఫోన్‌కి పీడీఎఫ్ వచ్చింది. ఎర్ర అక్షరాల్లో 'హై రిస్క్' అని. దాని పక్కన '130లో 1'.

మీటింగ్‌లో ఎవరేం మాట్లాడారో ఇప్పటికీ గుర్తులేదు. కెమెరా ఆఫ్ చేసి ఏడ్చా. డాక్టరమ్మ సోమవారం దాకా ఊళ్లో లేరు. ఆ మూడు రాత్రులు నేనూ మా ఆయనా గూగుల్‌లో చదవనిది లేదు. అత్తయ్య దేవుడి గదిలోంచి బయటికి రాలేదు. 'మా వైపు ఎవరికీ లేదే' అని ఆవిడ, 'మా వైపు కూడా లేదు వదినగారూ' అని ఫోన్‌లో అమ్మ. ఎవరో తప్పు చేసినట్టు, అదెవరో తేల్చాలన్నట్టు. నిజానికి డౌన్ సిండ్రోమ్ చాలావరకు వంశంలోంచి రాదు. అండం తయారయ్యేటప్పుడు జరిగే తేడా అది. 21వ క్రోమోజోమ్ రెండుకి బదులు మూడు వస్తుంది. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది, కానీ ఏ వయసులోనైనా రావచ్చు.

సోమవారం మమ్మల్ని ఫీటల్ మెడిసిన్ నిపుణురాలి దగ్గరికి పంపారు. ఆవిడ రిపోర్టు కంటే ముందు, రక్తం ఇచ్చేటప్పుడు నింపిన ఫారం అడిగారు. ల్యాబ్ అబ్బాయి 'మేడమ్, లాస్ట్ పీరియడ్ డేట్ ఎప్పుడు?' అని అడిగి రాసుకున్న కాగితం అది. మా ఆయన ఫోన్లో ఫొటో ఉంది. ఆవిడ స్కాన్ రిపోర్టు పక్కన పెట్టి చూశారు.

'స్కాన్ ప్రకారం నీకు ఆ రోజుకి 12 వారాల 2 రోజులు. వీళ్లు 13 వారాల 2 రోజులని లెక్కేశారు. స్కాన్ కొలతలు అసలు కలపనేలేదు' అన్నారు.

అప్పుడు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఈ పరీక్షలో చూసేవి రెండు పదార్థాలు. 'పాప్-ఎ' అనేది ఈ దశలో వారం వారం పెరుగుతుంది. 'ఫ్రీ బీటా హెచ్‌సీజీ' అనేది పదో వారం తర్వాత తగ్గుతూ వస్తుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న గర్భాల్లో సగటున మొదటిది తక్కువ, రెండోది ఎక్కువ ఉంటాయి. ఇప్పుడు బిడ్డ వయసుని వారం ఎక్కువగా రాశామనుకోండి. ఆ వారానికి ఉండాల్సిన దానికంటే మొదటిది తక్కువగా, రెండోది ఎక్కువగా కనబడతాయి. అంటే ఏ తేడా లేని బిడ్డ కూడా కంప్యూటర్‌కి తేడా ఉన్నట్టే కనిపిస్తుంది!

తల గోడకేసి కొట్టుకున్నంత పనైంది. ఇన్‌పుట్ తప్పైతే అవుట్‌పుట్ తప్పే అని ఆఫీసులో జూనియర్లకి రోజూ చెప్పే నేను, నా సొంత రిపోర్టులో ఇన్‌పుట్ చూసుకోలేదు. సరైన వారాలు, స్కాన్ కొలత, నా బరువు అన్నీ ఇచ్చి మళ్లీ లెక్కేయించారు. ఫలితం 2100లో 1. లో రిస్క్.

'హై రిస్క్' అంటే ఏంటి మరి?

ఆవిడ చెప్పినవాటిలో అన్నిటికంటే పనికొచ్చిన మాట ఇంకొకటుంది. 'అమ్మా, ఆ 130లో 1 అన్నది నిజమే అనుకుందాం. అప్పుడైనా 130 మంది తల్లుల్లో 129 మందికి ఆ సమస్య ఉండదు కదా!' మూడు రోజులుగా మేమిద్దరం, ఇద్దరం ఇంజినీర్లం, ఆ 'ఒకటి' వైపే చూస్తూ కూర్చున్నాం.

స్క్రీనింగ్ పరీక్ష పని జబ్బుని తేల్చడం కాదు. ఎవరిని ఇంకాస్త జాగ్రత్తగా చూడాలో జల్లెడ పట్టడం. ఎన్‌టీ, డబుల్ మార్కర్ కలిపి చేస్తే డౌన్ సిండ్రోమ్ ఉన్న ప్రతి పది గర్భాల్లో సుమారు తొమ్మిదింటిని పట్టుకుంటాయి. దానికి బదులుగా, ఏ సమస్యా లేనివాళ్లలో కూడా వందకి అయిదుగురిని అనుమానిస్తాయి. వెయ్యి మందికి చేస్తే యాభై మంది ఇళ్లల్లో మా ఇంట్లో లాగే పొయ్యి వెలగదు. వాళ్లలో నిజంగా సమస్య ఉండేది ఎక్కడో ఒకరిద్దరికి.

రిస్క్ నిజంగానే ఎక్కువొస్తే తర్వాతి మెట్లున్నాయి. తల్లి రక్తంలో తిరిగే, మాయ నుంచి వచ్చే డీఎన్‌ఏ ముక్కల్ని చూసే ఎన్‌ఐపీటీ పరీక్ష ఒకటి. పదో వారం నుంచి చేస్తారు. డౌన్ సిండ్రోమ్ విషయంలో చాలా కచ్చితం. ఖర్చూ ఎక్కువే. అయినా అదీ స్క్రీనింగే. తేల్చి చెప్పేవి మాయ ముక్కని తీసి చూసే సీవీఎస్, 15 వారాలు దాటాక ఉమ్మనీరు తీసి చూసే ఆమ్నియోసెంటెసిస్. వీటిలో గర్భం పోయే ప్రమాదం కొద్దిగా ఉంది కాబట్టి అందరికీ చేయరు. ఏది చేయించుకోవాలి, అసలు చేయించుకోవాలా వద్దా అన్నది ఆ అమ్మానాన్నలు డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాల్సిన సంగతి. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టి బడికెళ్తూ, పనులు నేర్చుకుంటూ పెరిగే పిల్లలూ మన చుట్టూ ఉన్నారు. ఫోన్‌లో వచ్చిన పీడీఎఫ్ చూసి శుక్రవారం రాత్రి తీసుకోవాల్సిన నిర్ణయం మాత్రం కాదు.

'ఎవరట?' అన్న ప్రశ్న

అయిదో నెలలో టిఫా. 18 నుంచి 22 వారాల మధ్య చేసే ఈ స్కాన్లో తల నుంచి పాదాల దాకా అన్నీ చూస్తారు. మెదడు, వెన్నెముక, గుండెలోని నాలుగు గదులు, కిడ్నీలు, పెదవి, మాయ ఎక్కడుంది, ఉమ్మనీరు ఎంతుంది... నలభై నిమిషాలు పట్టింది. బిడ్డ వెన్ను చూపిస్తూ తిరగనంటే, కాసేపు నడిచి జ్యూస్ తాగి రమ్మన్నారు. అన్నీ బాగుంటే 'ఈ స్కాన్‌లో కనబడినంతవరకు బాగుంది' అనే రాస్తారు. స్కాన్‌కి దొరకనివీ కొన్ని ఉంటాయి.

ఈ స్కాన్‌ని మాత్రం వాయిదా వేయొద్దు. తీవ్రమైన లోపం ఏదైనా బయటపడితే ఇంకో నిపుణుడికి చూపించుకోవడానికి, ఆలోచించుకోవడానికి టైమ్ కావాలి. 2021లో సవరించిన చట్టం ప్రకారం గర్భస్రావానికి 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం, ఆపై 24 వారాల దాకా కొన్ని వర్గాల వారికి ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి. ఆ తర్వాత అయితే బిడ్డకి తీవ్ర లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. అందుకే ఇక్కడ వారాలకి అంత విలువ.

స్కాన్ గది నుంచి బయటికి రాగానే మా నానమ్మ ఫోన్. 'ఎవరట?' అని ఒక్కటే ప్రశ్న. 'చెప్పరు నానమ్మా, చెబితే జైలు' అన్నా. 'అంత పెద్ద మిషను పెట్టుకుని ఆ మాత్రం చెప్పలేరా' అని ఆవిడ విసుగు. 1994లో వచ్చిన పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరం. మొదటిసారి దొరికితే మూడేళ్ల దాకా జైలు, పది వేల దాకా జరిమానా. ప్రతి స్కాన్ ముందూ మనతో సంతకం పెట్టించుకునే ఫారం ఎఫ్ దీని కోసమే. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఆరేళ్లలోపు మగపిల్లలు వెయ్యి మందికి ఆడపిల్లలు 919 మందే. ఓడల్లో పగుళ్లు వెతికిన యంత్రాన్ని మనం దేనికి వాడామో ఆ అంకె చెబుతుంది. స్కాన్ గది తలుపు మీద ఉండే బోర్డు వైపు అంతకు ముందు ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. ఆ రోజు నిలబడి మొత్తం చదివా.

ఫొటో రాని పరీక్షలు

ఇప్పుడు అసలు సంగతికొస్తున్నా.

స్కాన్ అంటే మా ఇంట్లో పండగ. మా ఆయన లీవ్ పెట్టేవాడు, అత్తయ్య వచ్చేది, తిరిగొస్తూ బిర్యానీ. మిగతా పరీక్షలకి ఆ గ్లామర్ ఏది? ఆరో నెలలో 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి రెండు గంటలకి రక్తం తీశారు. 140 దాటితే గర్భిణుల్లో వచ్చే షుగర్ అంటారు. నాకు 128, బతికిపోయా. హిమోగ్లోబిన్ మాత్రం 9.8. గర్భిణుల్లో 11 కంటే తగ్గితే రక్తహీనత. 'నెలకి అంత జీతం, రోజూ యాపిల్స్, నాకు రక్తం తక్కువేంటి?' అనుకున్నా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనతే. నేనూ ఆ సగంలోనే. ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ తాగడం నా అలవాటు. కాఫీ, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. కాఫీ టైమ్ మార్చి, మాత్రని నిమ్మరసంతో వేసుకుంటే రెండు నెలల్లో 11 దాటింది.

ఎనిమిదో నెలలో ఆఫీసులో రిలీజ్. 32వ వారం చెకప్ అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేశా. 'ఏముంది, బరువు చూస్తారు, బీపీ చూస్తారు, పంపించేస్తారు' అనుకున్నా. గ్రోత్ స్కాన్ మాత్రం మానలేదు. బిడ్డ బొమ్మ కనబడుతుంది కదా! ఆ స్కాన్ సెంటర్లో బీపీ చూడరు.

శ్రీమంతం అయ్యాక పురిటికి తెనాలి దగ్గర మా పుట్టింటికి వచ్చేశా. అక్కడి నుంచే లాప్‌టాప్‌లో పని. కాళ్లకి నీరొచ్చింది. వేలి ఉంగరం ఊడి రావట్లేదు. 'నీళ్లోసుకున్నాక ఇవన్నీ మామూలేనే' అంది అమ్మ. రెండు రోజులుగా తలనొప్పి. స్క్రీన్ చూసి చూసి వచ్చిందనుకున్నా.

ఊళ్లోకి కొత్తగా గర్భిణి వస్తే ఆశా అక్కకి తెలియకుండా ఉండదు. సాయంత్రం గుమ్మంలో నిలబడింది. 'రేపు తొమ్మిదో తారీఖు. పీహెచ్‌సీలో గర్భిణులందరికీ డాక్టర్ గారు చూస్తారు. రావాలమ్మా' అంది. 2016 నుంచి దేశమంతా ప్రతి నెలా తొమ్మిదిన ఇలా ఉచితంగా చూస్తున్నారు. నేను నా లావుపాటి ఫైలు చూపించి, 'అన్నీ హైదరాబాద్‌లో అయ్యాయక్కా' అన్నా. అక్క ఫైలు తిరగేసి ఒక్కటే అడిగింది.

'బీపీ ఎప్పుడు చూశారు తల్లీ?'

వెతికా. ఆరు వారాల కిందట.

మర్నాడు అమ్మ నన్ను ఆటోలో లాక్కెళ్లింది. బెంచీ మీద పాతిక మంది. నర్సమ్మ చేతికి పట్టీ చుట్టి, పంపు కొట్టి, మొహంలో ఏ మార్పూ లేకుండా 'పక్కన కూర్చో అమ్మా, పావుగంటాగి మళ్లీ చూస్తా' అంది. మొదటిసారి 152/98. రెండోసారి 150/100. మూత్రంలో ముంచిన చిన్న పట్టీ రంగు మారింది. ప్రొటీన్ పోతోంది.

డాక్టర్ గారు నెమ్మదిగా చెప్పారు. ప్రీ ఎక్లాంప్సియా. 20 వారాలు దాటాక బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ ఉండి, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే అనుమానించేది దీన్నే. ముదిరితే ఫిట్స్ వస్తాయి, మన పెద్దవాళ్లు గుర్రపు వాతం అనేది దాన్నే. తల్లికి మెదడు, లివర్, కిడ్నీ దెబ్బతినొచ్చు. మాయకి రక్తం తగ్గి బిడ్డ ఎదుగుదల ఆగిపోవచ్చు. తొలి కాన్పులో ఇది వచ్చే అవకాశం ఎక్కువ. ఆయన చెబుతుంటే మా అమ్మ నా చెయ్యి వదల్లేదు. గంటలోపే 108లో తెనాలి పెద్దాసుపత్రికి పంపించారు.

అక్కడ అయిదు రోజులు ఉంచారు. బీపీ మాత్రలు, రక్త పరీక్షలు, రోజూ బిడ్డ గుండె చప్పుడు. ఆ తర్వాత వారానికి రెండుసార్లు చెకప్. 37 వారాలు నిండగానే నొప్పులు రావడానికి మందిచ్చారు. ఈ జబ్బు తగ్గాలంటే కాన్పు అవ్వాల్సిందే, ఇంకా ఆగడం మంచిది కాదన్నారు. పద్దెనిమిది గంటలు పట్టింది. రెండున్నర కిలోల పాప. కాన్పు తర్వాత కూడా బీపీ పెరగొచ్చని ఇంకొన్ని రోజులు చూశాకే ఇంటికి పంపారు.

'వారం ఆలస్యమై ఉంటే?' అని డిశ్చార్జ్ రోజు డ్యూటీ డాక్టర్‌ని అడిగా. 'వచ్చావుగా' అని నవ్వి ఊరుకున్నారు.

ఏ వారంలో ఏం చూస్తారు?

ఫ్రెండ్స్‌కి పంపిన లిస్టునే ఇక్కడా ఇస్తున్నా. మీ పరిస్థితిని బట్టి డాక్టర్ మార్చవచ్చు.

• నెల తప్పగానే: బ్లడ్ గ్రూపు, హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, సిఫిలిస్ పరీక్షలు. బీపీ, బరువు. ఫోలిక్ యాసిడ్ మాత్రలు. తల్లి గ్రూపు నెగెటివ్ అయితే ముందే చెప్పాలి, 28వ వారంలో యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం కావచ్చు.
• 6-9 వారాలు: తొలి స్కాన్. డెలివరీ డేటు మార్చారేమో అడగండి.
• 11-13 వారాల 6 రోజులు: ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్. ఫారంలో తొలి స్కాన్ ప్రకారం వారాలు, మీ బరువు రాశారా, ఎన్‌టీ కొలత కలిపారా చూసుకోండి.
• 18-22 వారాలు: టిఫా.
• 24-28 వారాలు: షుగర్ మళ్లీ, హిమోగ్లోబిన్ మళ్లీ.
• చివరి మూడు నెలలు: డాక్టర్ చెప్పినప్పుడు గ్రోత్ స్కాన్.
• వెళ్లిన ప్రతిసారీ: బీపీ, మూత్రంలో ప్రొటీన్. స్కాన్ ఉన్నా లేకపోయినా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 24 వారాల లోపు ఒక్క స్కాన్ చాలంటుంది, చెకప్‌లు మాత్రం కనీసం ఎనిమిది ఉండాలంటుంది.
• ఇవి కనబడితే ఆగొద్దు: తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, మొహానికీ చేతులకీ ఒక్కసారిగా వాపు, రక్తస్రావం, బిడ్డ కదలికలు తగ్గడం. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పాపకి ఇప్పుడు అయిదో నెల. తొలి స్కాన్ కాగితం బీరువాలోంచి మొన్న బయటికి తీశా. ఆ కాగితం మీద బొమ్మ కొన్నాళ్లకి వెలిసిపోతుందట, అప్పుడే సగం తెల్లబడింది. ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోవడం మంచిదైంది. దాని వెనకే పీహెచ్‌సీలో ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు. అందులో నీలం బాల్‌పెన్నుతో 152/98 అని రాసి, కింద రెండు గీతలు గీసి ఉంది. ఆ అంకె మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని ఎవరూ స్టేటస్‌లో పెట్టరు. నిన్న నేను పెట్టా. కింద ఒకే లైను రాశా: 'మీరు బీపీ చూపించుకుని ఎన్నాళ్లయింది?' ముగ్గురు ఫ్రెండ్స్‌లో ఇద్దరు వెంటనే అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. మూడోదానికి ఇవాళ ఫోన్ చేయాలి.